సముద్రపు గుర్తులు: శ్రీకాకుళం, విజయనగరం తీరంలో జ్ఞాపకం

తెలుగులో ‘గుర్తు’ అంటే కంటికి కనబడే ఆనవాలు, మనసులో నిలిచిపోయిన జ్ఞాపకం కూడా. ఈ రెండర్థాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయే చోటు సముద్రం. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా సుమారు 190 కిలోమీటర్ల శ్రీకాకుళం తీరం, దానికి దక్షిణంగా భోగాపురం, పూసపాటిరేగ అనే రెండే మండలాలను తాకుతూ పోయే 28 కిలోమీటర్ల విజయనగరం తీరం ఇందుకు మంచి ఉదాహరణ. ఇక్కడి సముద్రపు సంగతులు జాలరుల తలల్లో ఉన్నాయి, తాబేలు ఒంట్లో ఉన్నాయి, ఊళ్ల పేర్లలో, నీటి అడుగు బురదలో కూడా ఉన్నాయి. అన్నీ ఏదో ఒక చోటును పట్టుకునే బతుకుతాయి. ఆ చోటు చెదిరిందంటే జ్ఞాపకమూ చెదురుతుంది.

కొండ గుర్తు

ఒడ్డు కనబడుతున్నంతసేపూ చేపల వేటగాడికి దారి తప్పదు. నీటి కింద రాళ్లున్న చోట చేప చేరుతుంది. ఆ రాళ్లు పైకి కనబడవు, నీటి మీద గీత గీసుకోవడం కుదరదు. అందుకని గుర్తు ఒడ్డున పెట్టుకుంటారు. తీరానికి దగ్గరగా ఉన్న ఆనవాలు ఒకటి ఎంచుకుంటారు: గుడి గోపురమో, లైట్‌హౌసో, ఒంటి తాడిచెట్టో. దాని వెనక దూరాన ఉన్న కొండ శిఖరం దానితో ఒకే వరసలోకి వచ్చేదాకా పడవ నడుపుతారు. ఇది ఒక గీత. ఇంకో దిక్కున ఇలాంటిదే మరో జంట చూసుకుంటే రెండో గీత. రెండు గీతలూ కలిసిన చోట వల వేస్తారు. లోతు ఎన్ని బారలో తాడు వదిలి సరిచూసుకుంటారు.

వినడానికి ఇది మోటు పద్ధతిలా ఉంటుంది గానీ నిజానికి చాలా సూక్ష్మమైన కొలత. తాడిచెట్టు అయిదు కిలోమీటర్ల దూరంలోనూ కొండ ముప్పయి కిలోమీటర్ల దూరంలోనూ ఉన్నాయనుకుందాం. పడవ పది బారలు పక్కకు జరిగితే చాలు, చెట్టు కొండ మొన మీంచి జారిపోయినట్టు మామూలు కంటికే తెలుస్తుంది. సర్వేయర్లు వాడే లెక్కా ఇదే.

ఈ తీరంలో కొండలకు కొదవ లేదు. తూర్పు కనుమలు ఇక్కడ సముద్రానికి బాగా దగ్గరగా వస్తాయి. అన్నిటికంటే పెద్దది ఒడిశా సరిహద్దులోని మహేంద్రగిరి, ఎత్తు 1,501 మీటర్లు. భూమి గుండ్రనితనాన్ని లెక్కలోకి తీసుకున్నా, గాలి తేటగా ఉన్న రోజు ఆ శిఖరం 130 కిలోమీటర్లకు పైగా దూరం నుంచి కనబడాలి. కాళిదాసు రఘువంశంలో కళింగ రాజును మహేంద్ర పర్వతానికీ మహాసముద్రానికీ కలిపి ప్రభువుగా వర్ణించాడు. కొండనూ కడలినీ అలా జంట చేయడం కవి చమత్కారమనే అనుకుంటాం. పడవలో కూర్చుని చూసేవాడికి మాత్రం అది దినచర్య.

బ్రిటిషు వాళ్లు వచ్చి ఈ పనినే రాతితో కట్టారు. కళింగపట్నంలో వంశధార మొగ దగ్గర 19వ శతాబ్దంలో వెలిసిన లైట్‌హౌసు అలాంటిది. విజయనగరం తీరంలో చింతపల్లి దగ్గర సముద్రంలో రాళ్లున్నాయి. ఇంగ్లీషు పటాల్లో వాటి పేరు ‘శాంతపిల్లి’. భీమిలికి పోయే ఓడలు వాటికి గుద్దుకోకుండా అక్కడా దీపం పెట్టారు. ఇప్పుడు మరపడవల్లో జీపీఎస్ ఉంది. రాళ్లున్న చోటు ఒకసారి దొరికితే పాయింటు కొట్టి దాచుకుంటారు. దాంతో పాత గుర్తులు పడవల్లోంచి మెల్లగా దిగిపోతున్నాయి.

తాబేలు తిరిగొచ్చే ఒడ్డు

గార మండలంలోని శ్రీకూర్మంలో విష్ణువు తాబేలు రూపంలో పూజలందుకుంటాడు. పాలసముద్రాన్ని చిలికేటప్పుడు మందర పర్వతాన్ని వీపున మోసిన అవతారమది. గుడి స్తంభాల నిండా శాసనాలున్నాయి. వాటిలో పాతవి 11వ శతాబ్దానివి. గుడిలో పెంచే నక్షత్ర తాబేళ్లు నేల మీద తిరిగే జాతి. సముద్రం సంగతి వాటికి తెలియదు. అసలు సముద్ర తాబేలు తీరపు ఇసుకలోకి వస్తుంది. తెలుగులో రెంటికీ ఒకటే మాట కావడంతో చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

వచ్చేది ఆలివ్ రిడ్లే. ఏటా జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల రాత్రుల్లో ఆడ తాబేలు ఒంటరిగా ఒడ్డెక్కుతుంది. నలభై యాభై కిలోల శరీరాన్ని తెడ్ల లాంటి కాళ్లతో ఈడ్చుకుంటూ వస్తే ఇసుక మీద చిన్న ట్రాక్టరు టైరు వెళ్లినట్టు జాడ పడుతుంది. పోటు నీరు అందనంత ఎత్తుకు చేరాక వెనక కాళ్లతో కూజా ఆకారంలో గుంత తవ్వుతుంది. ఒక కాలు ఇసుకను దోసిలిలా తోడి బయట పోస్తుంటే రెండో కాలు తన వంతు కోసం ఆగుతుంది. పింగ్‌పాంగ్ బంతుల్లాంటి గుడ్లు నూటికి పైగా పెడుతుంది. ఆ సమయంలో దాని కళ్లలోంచి జిగురు నీరు కారుతుంది. చూసినవాళ్లు ప్రసవవేదన అంటారు. ఒంట్లో ఎక్కువైన ఉప్పును గ్రంథుల ద్వారా బయటికి పంపడమే అది. గుంత పూడ్చి, ఒంటిని అటూ ఇటూ ఊపి ఇసుకను దిమ్మిస చేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోతుంది. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. అవి ఆడో మగో తేల్చేది ఇసుక వేడి. సుమారు 29, 30 డిగ్రీలు దాటితే ఆడవే ఎక్కువ.

అసలు వింత ఆ తర్వాత మొదలవుతుంది. ఆ పిల్ల పెరిగి పెద్దదవడానికి పది పదిహేనేళ్లు పడుతుంది. అప్పటిదాకా సముద్రంలోనే తిరుగుతుంది. గుడ్లు పెట్టే వేళకు మాత్రం తాను పుట్టిన తీరం వైపు వస్తుంది. దారి చూపేది భూమి అయస్కాంత క్షేత్రమని అమెరికాలో నార్త్ కెరొలినా విశ్వవిద్యాలయానికి చెందిన కెనెత్ లోమన్ బృందం చాలా ఏళ్లుగా పరిశోధిస్తోంది. ఆ క్షేత్రం తీవ్రత, వాలు ఒక్కో తీరంలో ఒక్కోలా ఉంటాయి. పుట్టిన చోటి కొలత తాబేలు మెదడులో ముద్ర పడిపోతుందని వాళ్ల అంచనా. 2025లో ఆ బృందం చిత్రమైన ప్రయోగం ఒకటి ప్రచురించింది. లాగర్‌హెడ్ జాతి పిల్లలకు ఒక అయస్కాంత క్షేత్రంలో మేత పెట్టి, వేరే క్షేత్రంలో పెట్టకుండా అలవాటు చేశారు. తర్వాత మేత లేకపోయినా మొదటి క్షేత్రం తగలగానే పిల్లలు తల పైకెత్తి, నోరు తెరిచి, కాళ్లు కొట్టుకుంటూ గంతులు వేశాయి. అన్నం పెట్టే ఇంటి గుమ్మాన్ని కుక్కపిల్ల గుర్తుపట్టినట్టే.

ఆలివ్ రిడ్లే మరీ మొండి జ్ఞాపకం గలది కాదు. శ్రీకాకుళం సరిహద్దు దాటితే వచ్చే గంజాం జిల్లా రుషికుల్య మొగలో ఇవి లక్షల సంఖ్యలో ఒకేసారి ఒడ్డెక్కుతాయి. కొన్నేళ్లు మాత్రం మందగా రావడం మానేస్తాయి. 2021లో ఒడిశాలో లోహపు బిళ్ల వేసిన ఒక తాబేలు 2025 జనవరిలో పడమటి తీరాన మహారాష్ట్రలోని గుహాగర్ దగ్గర గుడ్లు పెడుతూ దొరికింది. పుట్టిన ఒడ్డుకే తప్పక తిరిగొస్తుందన్న పాఠానికి ఆ ఒక్క తాబేలు చేసిన సవరణ అది.

ఉత్తరాంధ్ర తీరంలో అటవీశాఖ, ట్రీ ఫౌండేషన్ వంటి సంస్థలు ఊరి యువకులతో కలిసి గుడ్లు సేకరించి, కంచె వేసిన ఇసుకలో పొదిగించి, పిల్లలను వదిలిపెడుతున్నాయి. ట్రాల్ వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చిన పెద్ద తాబేళ్లు కూడా ఇదే కాలంలో ఒడ్డుకు కొట్టుకొస్తాయి. ఒక కాపలా కుర్రవాడు రాత్రి గుడ్లు ఏరిన చోటే తెల్లవారి కళేబరం చూస్తాడు.

తాబేలు లాగే ఏటా ఇక్కడికి వచ్చే పక్షుల గురించీ ఒక అపోహ ఉంది. నౌపడ ఉప్పుమళ్లకు దగ్గర్లోని తేలినీలాపురం చెట్ల మీదికి ఏటా వచ్చే గూడకొంగలను, ఎర్రకాళ్ల కొంగలను సైబీరియా పక్షులంటారు. బోర్డుల మీదా అదే, పాఠాల్లోనూ అదే. కానీ ఆ జాతులు దక్షిణాసియా చుట్టుపక్కలే గుడ్లు పెట్టి పెరుగుతాయి. ఊళ్లో చింతచెట్టు మీదే పిల్లలను చేసే పక్షికి సైబీరియా ఏం గుర్తుంటుంది?

మెదడులో సముద్ర గుర్రం

మనిషి సంగతికొస్తే, కొత్త జ్ఞాపకం నిలవాలంటే మెదడులో హిప్పోకాంపస్ అనే చిన్న భాగం పనిచేయాలి. గ్రీకులో ఆ మాటకు అర్థం సముద్ర గుర్రం. 1587లో ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు అరాంజి దాని వంపు చూసి ఆ చేప పేరు పెట్టాడు. అలా ప్రతి మనిషి తలలోనూ రెండు సముద్ర గుర్రాలు.

జ్ఞాపకం మీద పరిశోధనలో తర్వాతి అధ్యాయం కూడా సముద్రం నుంచే వచ్చింది. ఎరిక్ కాండెల్ అనే శాస్త్రవేత్త ‘సముద్రపు కుందేలు’ అని పిలిచే అప్లీసియా నత్తను ఎంచుకున్నాడు. దానికి ఉన్నవి సుమారు 20,000 నాడీకణాలే, అవీ బాగా పెద్దవి. నత్తను తాకినప్పుడల్లా మొప్ప ముడుచుకుంటుంది. ఒకసారి తగిలిన భయం కాసేపే ఉంటుంది, అప్పటికే ఉన్న కణాల కూడళ్లలో రసాయనాలు మారడంతో సరిపోతుంది. పదేపదే తగిలితే కొత్త ప్రోటీన్లు తయారై కొత్త కూడళ్లే మొలుస్తాయి. తాత్కాలిక జ్ఞాపకానికీ శాశ్వత జ్ఞాపకానికీ తేడా ఇదేనని చూపినందుకు కాండెల్‌కు 2000లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

మన వలల్లో పడే కందవాయి (కటిల్‌ఫిష్) జాతి కూడా తక్కువదేమీ కాదు. ఏమి తిన్నది, ఎక్కడ తిన్నది, ఎప్పుడు తిన్నది అనే మూడు విషయాలనూ కలిపి అది గుర్తుంచుకుంటుంది. ముసలితనంలోనూ ఆ జ్ఞాపకం తరగలేదని 2021లో కేంబ్రిడ్జి పరిశోధకులు తేల్చారు. మనిషికి దక్కని వరం. సుమారు రెండేళ్లే బతికే జీవికి దక్కింది.

1975లో గాడెన్, బాడలీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు స్కాట్లాండ్ తీరంలో డైవర్లకు కొన్ని మాటలు నీటి అడుగున, మరికొన్ని ఒడ్డున నేర్పారు. నీళ్లలో నేర్చినవి నీళ్లలోనే, ఒడ్డున నేర్చినవి ఒడ్డునే బాగా జ్ఞాపకం వచ్చాయి. దాదాపు యాభై ఏళ్లపాటు పాఠ్యపుస్తకాల్లో వెలిగిన ప్రయోగమిది. 2021లో అదే పద్ధతిలో మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. అయినా పాత వేటగాడిని అరుగు మీద కూర్చోబెట్టి గుర్తులు అడిగితే సగం చెప్పి ‘పడవెక్కితే చూపిస్తాను’ అంటాడు. ప్రయోగశాలలో తేలని మాట అరుగు మీద ఇంకా నిలిచే ఉంది.

అక్టోబరు పన్నెండు

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానాన్ని ఊపేసింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖను తాకి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలనూ దెబ్బతీసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర ఒడ్డెక్కింది. తారీఖులు ఇలా కలవడం యాదృచ్ఛికమే. అక్టోబరు మాత్రం యాదృచ్ఛికం కాదు. నైరుతి వెనుదిరిగే ఆ రోజుల్లో బంగాళాఖాతం ఇంకా వెచ్చగా ఉంటుంది, తుపాను నిర్మాణాన్ని చీల్చే పైగాలులు బలహీనపడతాయి. నవంబరు, డిసెంబరు వచ్చేసరికి తుపాన్ల దారి దక్షిణానికి జరిగిపోతుంది.

ఇంకో కారణం నీటిలోనే ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది మోసుకొచ్చిన మంచినీరు తేలిక కాబట్టి బంగాళాఖాతం మీద పలచని పొరలా తేలుతుంది. కింది ఉప్పునీటితో తేలిగ్గా కలవదు. గాలి ఎంత కలియబెట్టినా అడుగు చల్లదనం పైకి రాదు. ఎండాకాలపు వేడిని సముద్రం అలా దాచిపెట్టుకుని అక్టోబరులో బయటపెడుతుంది. ‘సముద్రపు జ్ఞాపకం’ అనే మాటను వాతావరణ శాస్త్రజ్ఞులు ఇలాంటి అర్థంలోనే వాడతారు.

ఉద్దానంలో కాలాన్ని తుపాను పేరుతో లెక్కపెట్టేవారు ఉన్నారు. పెళ్లి తిత్లీకి ముందా తర్వాతా అంటారు. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. తుపానుకు చెట్లు కూలాక మళ్లీ నాటిన తోటల వయసు చూసి ఆ తుపాను ఏడు చెప్పేయవచ్చు.

సునామీ జ్ఞాపకం ఇంత దగ్గరిది కాదు. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర భూకంపం వచ్చింది. ఆ అల విశాఖతో సహా తూర్పు తీరంలోని ఆటుపోట్ల కొలమానాల కాగితం మీద గీతలుగా మిగిలింది. ఆ కాగితాలు చదివి ఒర్టిజ్, బిల్హామ్ అనే శాస్త్రవేత్తలు 2003లో పరిశోధన వ్యాసం ప్రచురించారు. మరుసటి ఏడాది డిసెంబరు 26న అసలు ఉపద్రవం వచ్చింది. సుమత్రా దగ్గరి సిమెలూ దీవిలో 1907 నాటి సునామీని జనం ‘స్మోంగ్’ అనే మాటతో తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. సముద్రం వెనక్కి తగ్గితే కొండెక్కమని ఆ కథ చెప్పే పాఠం. 2004లో దాదాపు 78,000 మంది ఉన్న ఆ దీవిలో చనిపోయినవారు ఏడుగురే. మన దేశంలో ఆ పని 2007 నుంచి ఇన్‌కాయిస్ సునామీ హెచ్చరిక కేంద్రం చేస్తోంది. అది ఉన్నది కెరటం చప్పుడే వినపడని హైదరాబాదులో.

బురద పుస్తకం

2014 చివర్లో జోయిడెస్ రిజల్యూషన్ అనే తవ్వకాల ఓడ బంగాళాఖాతంలోకి వచ్చింది. శ్రీకాకుళానికి ఎగువన, మహానది ముందరి సముద్రంలో అది తీసిన బురద గొట్టాల్లో సూది మొనంత గవ్వజీవులు పొరలు పొరలుగా ఉన్నాయి. ఏ ఏడు వానలు ఎక్కువైతే ఆ ఏడు నదినీరు ఎక్కువ, ఉప్పు తక్కువ. గవ్వ పెంకులోని రసాయనం ఆ తేడాను దాస్తుంది. అలా చదివిన నైరుతి వానల చరిత్ర 9 లక్షల ఏళ్ల వెనక్కి పోయింది. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగినప్పుడు ఈ వానలు బలపడినట్టు 2021లో వెలువడిన ఆ అధ్యయనం చెప్పింది.

ఇరవై వేల ఏళ్ల కిందట సముద్ర మట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు తక్కువ. నేటి వేటగాళ్లు వల వేసే చోట్లు చాలావరకు అప్పుడు పొడి నేల. వంశధార, నాగావళి ఇంకా ముందుకు పారి కలిసేవి.

పేర్లలో మిగిలిన ప్రయాణాలు

రెండో శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలమీ ఈ తీరంలో ఒక చోటు గురించి రాశాడు. ఓడలు ఒడ్డు పట్టుకుని పోవడం మాని, స్వర్ణభూమికి నడిసముద్రంలోకి మళ్లే చోటు అది. ఆ ప్రస్తావనలో ‘పలూరా’ అనే ఊరుంది. ఫ్రెంచి పండితుడు సిల్వాఁ లెవీ పలూరా అంటే దక్షిణాది భాషల్లో ‘పల్లు ఊరు’, అంటే దంతపురమేనని వాదించాడు. బుద్ధుడి దంతం ఉన్న కళింగ నగరం దంతపురం అని బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. శ్రీకాకుళం జిల్లా సరుబుజ్జిలి మండలంలోని దంతవరపుకోట ఆ నగరమేనని ఇక్కడివారి నమ్మకం. గంజాం వైపు పాలూరు అని మరో హక్కుదారు ఊరుంది. పన్ను ఎవరిదైనా, సాక్ష్యం చెప్పింది మాత్రం మాట.

వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాలను 1919లో లోకానికి చూపింది గిడుగు రామమూర్తి. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగే ఆయన. జనం నోటి మాటలో చరిత్ర ఉందన్న మనిషికి జనం తొక్కి నడిచే ఇటుకల్లోనూ అది కనబడింది.

కళింగ ఓడల గుర్తు ఆవలి ఒడ్డున ‘క్లింగ్’ అనే మాటగా మిగిలింది. మలయా దేశంలో దక్షిణ భారతీయులందరినీ అలా పిలిచేవారు, ఇప్పుడది అవమానకరమైన మాట. బర్మాలో తెలుగువాళ్ల పేరు ‘కోరంగీ’. గోదావరి మొగలోని కోరంగి రేవు చూడని శ్రీకాకుళం కూలీ కూడా రంగూనులో దిగగానే కోరంగీ అయిపోయాడు. ఉత్తరాంధ్రలో రంగూను ‘రంగం’ అయింది. బారువ, కళింగపట్నం, భీమిలి రేవుల్లో ఓడెక్కి రంగం పోయి, బియ్యం మిల్లుల్లో, రేవు పనుల్లో కుదిరి, డబ్బు పంపేవారు. 1930 మేలో రంగూను రేవు పని మీద బర్మీయులకూ తెలుగు కూలీలకూ మధ్య పెద్ద అల్లర్లు చెలరేగాయి. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక లక్షలాది భారతీయులు అడవుల మీదుగా నడిచి తిరిగొచ్చారు. బర్మాలోనే మిగిలినవారిలో చాలామంది 1960లలో తిరుగు ఓడ ఎక్కారు. విశాఖ కంచరపాలెంలో వాళ్లు దిగిన చోటు నేటికీ బర్మా క్యాంపే.

ఎరగని నీళ్లు

ఇప్పటి వలస పడమటికి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యలేశం, తిప్పలవలస వంటి ఊళ్ల నుంచి కుర్రాళ్లు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి మరపడవల్లో నెలల తరబడి పనిచేస్తారు. ఆ పడవ పెద్దను తండేలు అంటారు. 2018 నవంబరులో అలా వెళ్లినవారు సరిహద్దు దాటారంటూ పాకిస్తాన్ అధికారులకు చిక్కారు. ఇరవై మంది 2020 జనవరిలో వాఘా మీదుగా ఇంటికి చేరారు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమాకు మూలం ఈ సంఘటనే. సొంత తీరంలో మహేంద్రగిరి చూసి దారి పట్టగలిగిన వాడికి అరేబియా సముద్రంలో ఆ కొండ లేదు. నీటి మీద దేశాల గీత అసలే కనబడదు.

మహేంద్రగిరికి, కళింగపట్నం లైట్‌హౌసుకు, శ్రీకూర్మం గుడికి పటాలున్నాయి. వాటిని జత చేసి వల వేసే గీతలకు పటం లేదు. వేటకెళ్లిన పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నవారు ఈసారి ఊరెళ్లినప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకుని వాళ్లతో ఒడ్డుకు నడవండి. ఏ చెట్టు ఏ కొండ మీదికి రావాలో, అక్కడ ఎన్ని బారల లోతో, ఏ నెలలో ఏ చేపో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. వీలైతే పడవ ఎక్కి అడగండి.